ఉత్తరాంధ్ర కొండలు, వానలు, చెరువులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలది కొండకూ కడలికీ మధ్య చిక్కిన నేల. శృంగవరపుకోట దగ్గర సముద్రం నుంచి కొండల అడుగుకు దూరం నలభై కిలోమీటర్లకు మించదు. ఉత్తరానికి పోయేకొద్దీ మైదానం ఇంకా సన్నబడుతుంది. ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి శిఖరం బారువ తీరం నుంచి పాతిక, ముప్పై కిలోమీటర్లలోపే ఉంది. వెనకవైపు కొరాపుట్ కొండల్లో దేవ్‌మాలి ఎత్తు 1,672 మీటర్లు. తూర్పు కనుమలు చాలాచోట్ల తెగి, చెదిరి, గుట్టలుగా మిగిలిన శ్రేణి. గోదావరికీ మహానదికీ మధ్యనున్న ఈ భాగంలో మాత్రం అవి అన్నిచోట్లకన్నా ఎత్తుగా, గోడకట్టినట్టు కనిపిస్తాయి.

ముందు సముద్రం, వెనక కొండ ఉన్న చోట వాన కుండపోతగా కురవాలని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు అలా లేవు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 1,160 మిల్లీమీటర్లు, విజయనగరం జిల్లాది సుమారు 1,130. దాదాపు ఇదే అక్షాంశంలో దేశానికి అవతలి తీరాన ఉన్న అలీబాగ్‌లో ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మంగళూరులో 3,500 దాటుతుంది. అక్కడా కొండే, ఇక్కడా కొండే. తేడా ఎక్కడుందో తెలిస్తే ఈ రెండు జిల్లాల చెరువులు, కరువులు, వలసలు, నదీజలాల తగాదాలు చాలావరకు అర్థమవుతాయి.

కొండ వానను పుట్టించదు. గాలిని పైకి ఎక్కిస్తుంది, అంతే. నీటి ఆవిరితో బరువెక్కిన గాలి వాలుకు తగిలి పైకి లేచినప్పుడు, పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచించి చల్లబడుతుంది. మబ్బు పట్టనంతవరకు కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడి, మబ్బు పట్టాక ఆవిరి నీరుగా మారుతూ విడిచే వేడి వల్ల కాస్త నెమ్మదిగా చల్లబడుతుంది. ఆ మబ్బు కొండకు ఇవతలే కురిసి తేలికపడుతుంది. శిఖరం దాటి అవతలి వాలు దిగే గాలి మళ్లీ వేడెక్కి, పొడిబారుతుంది. అవతలి నేలను వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు. ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిపించిన అదే గాలి, కనుమలు దిగి బళ్లారికి వచ్చేసరికి 500 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇదంతా జరగాలంటే గాలి కొండకు ఎదురుగా రావాలి. పడమటి కనుమలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అరేబియా సముద్రం మీదుగా పడమటి నుంచి, నైరుతి నుంచి వచ్చే గాలికి అవి అడ్డంగా ఉంటాయి. 1,600 కిలోమీటర్ల పొడవులో పాలక్కాడ్ దగ్గర తప్ప పెద్ద సందు లేదు. ఉత్తరాంధ్ర తీరం, దాని వెనక కొండలు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వీచే గాలి పడమటి నుంచి, నైరుతి నుంచే వస్తుంది. అంటే కొన్నాళ్లు కొండ వెనక నుంచి సముద్రం వైపు దిగుతుంది, కొన్నాళ్లు తీరం వెంబడి ఒరుసుకుంటూ పోతుంది. రాజస్థాన్‌లో ఆరావళి కొండలు నైరుతి గాలికి సమాంతరంగా ఉండి వానను ఆపలేకపోతున్నాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఉత్తరాంధ్ర పరిస్థితి దానికి దగ్గరి చుట్టమే.

అక్టోబరు తర్వాత గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీస్తుంది. తమిళనాడు తీరానికీ నెల్లూరుకూ ఆ గాలే ప్రాణం. నెల్లూరు జిల్లా వార్షిక వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలానిదే. శ్రీకాకుళంలో ఆ కాలపు వర్షం నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. ఇక్కడి తీరం ఈశాన్య గాలికి కూడా సమాంతరమే కావడం దీనికి ఒక ముఖ్య కారణం. రెండు రుతుపవనాలూ ఉత్తరాంధ్ర కొండల పక్కనుంచి సాగిపోయే గాలులే. వాటిని కొండవైపు మళ్లించే పని బంగాళాఖాతం చేస్తుంది.

ఖాతం వాయవ్య భాగంలో, ఒడిశా–ఉత్తరాంధ్ర తీరాలకు ఎదురుగా, రుతుపవన కాలంలో అల్పపీడనాలు పుడుతూ ఉంటాయి. కొన్ని బలపడి వాయుగుండాలవుతాయి. అవి సాధారణంగా వాయవ్య దిశగా కదిలి ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా మధ్య భారతంలోకి పోతాయి. వాటి చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కేంద్రానికి ఉత్తరాన తూర్పు గాలి, దక్షిణాన పడమటి గాలి వీస్తాయి. జోరువాన ఎక్కువగా కేంద్రానికి నైరుతి భాగంలో పడుతుంది. గోపాల్‌పూర్, పూరీ దగ్గర తీరం దాటే వాయుగుండానికి ఆ నైరుతి భాగం సరిగ్గా ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా కొండల మీదే ఉంటుంది. పీడనం కాస్త దక్షిణంగా, కళింగపట్నం ఎదుట పుడితే, దాని ఉత్తరపు తూర్పు గాలి సముద్రపు తేమనంతా తెచ్చి మహేంద్రగిరి వాలుకు కొడుతుంది. అలాంటి రోజుల్లో తూర్పు కనుమలు నిజంగా కనుమల్లా పనిచేస్తాయి. ఈ జిల్లాలకు నైరుతి కాలంలో వచ్చే 700 మిల్లీమీటర్ల వానలో ఎంత భాగం చేతికందుతుందో, ఆ ఏడు ఖాతంలో ఎన్ని అల్పపీడనాలు ఏ దారిన పోయాయో దాన్నిబట్టే తేలుతుంది. రుతుపవన ద్రోణి హిమాలయాల పాదాలకు జరిగిపోయి, ఖాతం నిద్రపోయిన వారాల్లో ఇక్కడి పొలాలు ఎండుతాయి.

కొండల వాన రోజువారీ తీరులోనూ కనిపిస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి, సముద్రం నుంచి గాలి లోపలికి వస్తుంది. పడమటి నుంచి వచ్చే గాలి దానికి ఎదురవుతుంది. రెండూ కలిసేచోట, కొండవాలు సాయం కూడా తోడై, సాయంత్రానికి ఉరుముల మబ్బులు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి వానలు, రుతుపవనాలు మందగించినప్పుడు పడే జల్లులు ఎక్కువగా ఈ తరహావే. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ వాన పెరుగుతుంది. కొండెక్కి కొరాపుట్ పీఠభూమికి చేరితే ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పీఠభూమికి పడమటి గాలీ, అల్పపీడనాలు తెచ్చే గాలీ రెండూ అందుతాయి. కింద మైదానానికి మాత్రం పడమటి గాలి కొండ దిగి వచ్చేసరికి పొడిబారి ఉంటుంది.

ఆ తేడాయే ఇక్కడి నదులను పుట్టించింది. వంశధార ఒడిశాలోని కలహండి జిల్లా లాంజిగఢ్ ప్రాంతంలో, నియంగిరి కొండల్లో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి కూడా కలహండి కొండల్లోనే పుట్టి, రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి, సుమారు 256 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత శ్రీకాకుళం పట్నాన్ని ఒరుసుకుంటూ కళ్లేపల్లి దగ్గర సముద్రం చేరుతుంది. దాని ప్రవాహంలో 160 కిలోమీటర్ల దాకా ఒడిశాలోనే ఉంది. ఇవి పుట్టేది సముద్రానికి ఎదురైన వాలు మీద కాదు. కొండలకు అవతల, ఎక్కువ వాన పడేచోట పుట్టి, శ్రేణిని కోసుకుని ఇవతలికి వస్తాయి. మైదానానికి కొండ అడ్డుపడి రానివ్వని వానలో కొంత ఈ నదుల రూపంలో తిరిగి వస్తోందన్నమాట. సువర్ణముఖి, వేగావతి, చంపావతి, గోస్తని, మహేంద్రతనయ, బాహుదా వీటికన్నా చిన్నవి. వాటి తర్వాత పేరున్నవీ లేనివీ లెక్కలేనన్ని గెడ్డలు.

గెడ్డ స్వభావం తెలియాలంటే కింది రాయిని చూడాలి. తూర్పు కనుమల ఈ భాగం ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఇక్కడి కొండల్లో ఉండే కోందుల పేరుమీదనే 20వ శతాబ్దం మొదట్లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ దానికి ఆ పేరు పెట్టాడు. ఈ రాయి ఎండకూ వానకూ తేలిగ్గా శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఎత్తైన కొండల నెత్తిన లక్షల ఏళ్ల వానకు రాయి కడుక్కుపోయి బాక్సైట్ పొర మిగిలింది. సందులు, రంధ్రాలు ఉన్న ఆ పొర వాననీటిని లోపలికి పీల్చి, ఎండాకాలం దాకా ఊటలుగా విడుస్తూ ఉంటుంది. కొండనెత్తిన ఊట, నడుమన నిటారు వాలు, అడుగున సన్నని మైదానం. అందువల్ల గెడ్డల్లో వేసవిలోనూ సన్నగా నీరుంటుంది, పెద్ద వాన పడితే మాత్రం కొన్ని గంటల్లోనే ఒడ్డులు దాటుతుంది. పై కొండల్లో రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి కింద వరదై దిగుతుంది. కింద ఆ రాత్రంతా ఆకాశం నక్షత్రాలతో నిండి ఉన్నా సరే.

కొండకూ వానకూ ఉన్న ఈ సంబంధాన్ని ఇక్కడివాళ్లు శాస్త్రంగా రాసిపెట్టలేదు గాని, కట్టడాల్లో, అలవాట్లలో నిలిపారు. మహేంద్రగిరి కళింగ రాజులకు కులదైవం కొలువున్న కొండ. తూర్పు గంగరాజులు తమ శాసనాల్లో మహేంద్ర పర్వతం మీది గోకర్ణేశ్వరుణ్ని తలుచుకుంటారు. వాళ్ల తొలి రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున, నేటి ముఖలింగం దగ్గర ఉంది. ఆ నదికి దిగువన సాలిహుండం బౌద్ధ స్థావరం వరదకు అందని గుట్టమీద వెలిసింది. విశాఖ వైపు బావికొండ, తొట్లకొండ బౌద్ధారామాల్లో రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. గుట్ట మీద పడిన వాననీటిని పట్టి ఏడాదంతా వాడుకోవడానికి భిక్షువులు చేసుకున్న ఏర్పాటు అది.

భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫా శాసనం కళింగాధిపతి ఖారవేలునిది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానిదని ఎక్కువమంది చెబుతారు. పట్టానికి వచ్చిన మొదటి ఏడాదే అతను గాలివానకు దెబ్బతిన్న నగర ద్వారాలు, ప్రాకారాలు బాగు చేయించాడని, చెరువులకు గట్లు కట్టించాడని అందులో ఉంది. తుపాను, చెరువు రెండూ ఒకే రాజు ఒకే ఏటి పద్దులో పడ్డాయి. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా కళింగ తీరంలో పాలకుల పద్దు దాదాపు ఇలాగే ఉంటుంది.

చెరువే ఈ రెండు జిల్లాల అసలు నీటి కట్టడం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆనకట్టకు ముందూ తర్వాతా నది ప్రధానం. ఇక్కడ నదులు చిన్నవి, వేగం ఎక్కువ, ఆనకట్టలు ఆలస్యంగా వచ్చాయి. అందుకే ఊరూరా, ఒక్కో ఊరికి నాలుగైదు చొప్పున కూడా, మొత్తం వేల సంఖ్యలో చెరువులు తవ్వుకున్నారు. కొండ అడుగున మొదలై మెట్టకూ మెట్టకూ మధ్య పల్లంలో గట్టు వేసుకుంటూ సముద్రం దాకా అవి వరుసగా దిగుతాయి. పై చెరువు నిండి పొర్లిన నీరు కింది చెరువుకు, దాని మిగులు మరో దానికి పోతుంది. కొన్నిటికి గెడ్డ నుంచి కాలువ ఉంటుంది. గట్టులో ఉన్న మదుము తీసి పొలానికి నీరు వదులుతారు. ఒక అల్పపీడనం రెండు మూడు రోజుల్లో కురిపించే వానను పట్టి, తర్వాతి అల్పపీడనం దాకా వరిని బతికించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి లేదు. వాన నెలంతా సమంగా పడే చోట ఇన్ని చెరువులు అక్కర్లేదు. అసలే పడనిచోట చెరువు నిండదు. జోరుగా, ఆగి ఆగి పడే వానకు తగిన కట్టడం ఇది.

పంటలు కూడా ఈ తీరును బట్టే వచ్చాయి. మెట్టనేలలో చోడి, నువ్వు, గోగు. పల్లంలో వరి. జూన్ రెండో వారానికి, మృగశిర కార్తెతో పాటు, నైరుతి రుతుపవనాలు వస్తాయి. తొలకరికి దుక్కి చేసి కొందరు విత్తనాన్ని నేరుగా ఎద వేస్తారు. చెరువు కింద వాళ్లు ఆకుమడి పోసి, జులై, ఆగస్టుల్లో ఉభాలు పడతారు. అప్పటికి ఖాతంలో రెండు మూడు అల్పపీడనాలు పుట్టకపోతే ఆకు ముదిరిపోతుంది. అసలు గండం చివర్లో ఉంటుంది. పైరు పొట్టకు వచ్చేది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో. రుతుపవనాలు వెనక్కి మళ్లేదీ అప్పుడే. ఆ రెండు మూడు వారాల్లో వాన పడకపోతే పంట తాలుపోతుంది, తుపాను వస్తే నీటిపాలవుతుంది. ఈ ప్రాంతపు కరువుల చరిత్రలో ఎక్కువ భాగం ఈ కొద్ది వారాలదే.

కొండమీద సవరలు వేరే దారి పట్టారు. పోడుతో పాటు, గెడ్డల వెంబడి వాలును మెట్లుమెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకూ రాతిగట్టు పేర్చి వరి పండించడం వాళ్ల నేర్పు. ఊట నీటిని పై మడి నుంచి కింది మడికి దించుతారు. ఇంజనీరింగ్ చదువుకోని మనుషులు కట్టిన ఈ మళ్లను చూసి వెర్రియర్ ఎల్విన్ వంటి మానవశాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు న్యాయమైనదే. నిటారు కొండమీద మట్టి జారకుండా నీటిని నిలపడం, మైదానంలో చెరువు తవ్వడంకన్నా కష్టమైన పని.

1802లో ఉత్తర సర్కార్లలో శాశ్వత బందోబస్తు వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, కురుపాం వంటి జమీందారీల కింద భూమితో పాటు చెరువులూ చేరాయి. మరమ్మతు చేయించే జమీందారు ఉన్నచోట చెరువు నిలిచింది, లేనిచోట పూడింది. కంపెనీ ప్రభుత్వం గోదావరి మీద 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది గాని, వంశధార, నాగావళి మీద అంత ఖర్చు పెట్టాలని అనుకోలేదు. జమీందారీ నేలలో నీటి తీర్వా ప్రభుత్వానికి పెద్దగా రాదన్న లెక్క దాని వెనక ఉండి ఉంటుంది.

దాని ఫలితం త్వరలోనే కనబడింది. 1865లో వాన ముందే ఆగిపోయింది. 1866లో ఒడిశాను తుడిచిపెట్టిన కరువు అప్పటి గంజాం జిల్లాను కూడా పట్టింది. నేటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం అప్పుడు గంజాం జిల్లాలోదే. 1888–89లో గంజాంకు మళ్లీ కరువు. 1896లో రుతుపవనాలు దేశమంతటా ముందే వెనుదిరిగాయి. 1896–97 కరువు గంజాం, విశాఖపట్నం జిల్లాలను కూడా వదల్లేదు. గంజాం ఉత్తర భాగంలో రుషికుల్య నది మీద 1880 దశకంలో మొదలైన కాలువలు 1866 కరువు నుంచి నేర్చుకున్న పాఠమే. నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటర్ 1908 దాకా రాలేదు.

వాన తప్పిన ఏళ్లు మనుషులను రేవులకు నడిపించాయి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలీలు కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. బర్మా వరికోతలకు, బియ్యం మిల్లులకు, రేవు పనులకు ఎక్కువగా వెళ్లింది తెలుగు కూలీలే. చాలామంది పని అయిపోగానే డబ్బుతో తిరిగి వచ్చేవాళ్లు. 1930 రంగూన్ అల్లర్లు, 1942లో బర్మా మీద జపాన్ దాడి ఆ దారిని మూసేశాయి. వలస ఆగలేదు. దిక్కు మారింది. నేడు ఉత్తరాంధ్ర కూలీలు దేశంలోని పెద్ద నగరాల కట్టడాల దగ్గర, గుజరాత్ నుంచి కేరళ దాకా చేపల వేటలో కనిపిస్తారు.

వానను కొలిచే పని ఇక్కడ ఆశ్చర్యకరంగా తొందరగానే మొదలైంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, నక్షత్రాలతో పాటు వాతావరణాన్ని కూడా ఏళ్ల తరబడి నమోదు చేశాడు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. రెండో అధిపతి జాన్ ఎలియట్ బంగాళాఖాతపు తుపాన్ల మీద 1890లో పుస్తకం తెచ్చాడు. వాయుగుండాలు ఏ దారిన పోతాయో, ఎక్కడ కురుస్తాయో మ్యాపుల మీద గీతలుగా తేలింది ఈ తరంలోనే. ఉత్తరాంధ్ర రైతు కార్తెల లెక్కలో చూసిన చిత్త తుపాన్లకు దారులు దొరికాయి.

ఉప్పు కొఠార్ల వాళ్లకు ఈ తీరంలో వాన తక్కువ కావడమే లాభం. నౌపడ ఉప్పు పేరున్నది. జనవరి నుంచి జూన్ దాకా పొడి ఎండ, వీచే గాలి, ఉప్పునీటి పల్లం ఉంటే చాలు. ఎండాకాలపు అకాల వానే వాళ్లకు నష్టం. కొంకణ తీరంలో వాన కాస్త ముందు మొదలైతే కొఠారు మూయాల్సిందే. ఇక్కడ ఇంకొన్ని వారాలు దొరుకుతాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత ఈ కథలో మరో కొండ. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో కొరాపుట్ పీఠభూమి, విజయనగరం మైదానం రెండూ ఉండేవి. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో రాసిన జిల్లా గెజిటీర్ జయపురం కొండలనూ, బొబ్బిలి చెరువులనూ ఒకే పుస్తకంలో వర్ణించింది. 1936 తర్వాత రాయగడ, గుణుపురం ఒడిశాకు పోయాయి. పార్వతీపురం, పాలకొండ, శ్రీకాకుళం మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. భాషను బట్టి చూస్తే ఆ విభజన సమంజసమే. నీటిని బట్టి చూస్తే వాన పడే నేల ఒక రాష్ట్రానికి, ఆ నీరు పారే నేల ఇంకో రాష్ట్రానికి దక్కాయి. తర్వాత 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం, 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న కొండ అడుగు మండలాలతో పార్వతీపురం మన్యం జిల్లా వేరైంది.

జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చాక చెరువులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఊరివాళ్లు ఉమ్మడిగా గట్టు వేసుకునే అలవాటు క్రమంగా సన్నగిల్లింది. వాటి బదులు నదుల మీద కట్టడాలు లేచాయి. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట, వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, చంపావతి మీద ఆండ్ర, గోస్తని మీద తాటిపూడి, సువర్ణముఖి మీద మడ్డువలస వచ్చాయి. 1908 నాటి రెగ్యులేటర్‌కు తోడు కొత్త తోటపల్లి బ్యారేజీ 2015లో ప్రారంభమైంది. ప్రతి కట్టడమూ కొండల్లో పడే వాన మీద ఆధారపడినదే. అందుకే ఒడిశా నుంచి వచ్చే నదుల విషయంలో ఆ రాష్ట్రంతో పేచీలు వచ్చాయి. వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలు 1962లోనే ఒప్పుకున్నాయి. నేరడి దగ్గర బ్యారేజీ విషయంలో మాత్రం ముంపు భూమి దగ్గర మాట ఆగిపోయింది. 2010లో ట్రైబ్యునల్ ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. 115 టీఎంసీల నీటిని చెరిసగంగా లెక్కగట్టి, నేరడి బ్యారేజీకి అనుమతించింది. నాగావళి ఉపనది జంఝావతి మీద ముంపు తగాదాతో కాంక్రీటు కట్టడం ఆగిపోతే, నీటిమట్టాన్ని బట్టి ఉబ్బి, దిగే రబ్బరు డ్యామ్ పెట్టి 2006లో వాడకంలోకి తెచ్చారు. భారతదేశంలో అలాంటిది అదే మొదటిది.

నీటి పంపకం మీద ఇంత వాదం జరిగింది గాని, ఆ నీటిని పట్టి ఉంచే కొండల మీద మాట ఆలస్యంగా వచ్చింది. నియంగిరి మీద బాక్సైట్ తవ్వకాల కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న, నిర్ణయం గ్రామసభలకే వదలాలంది. ఆ ఏడే పన్నెండు గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోందులు దైవం నివాసమని వాదించిన కొండే వంశధారకు పుట్టిల్లు కూడా. కొండనెత్తిన బాక్సైట్ పొర తవ్వితే వేసవి ఊటలు ఏమవుతాయన్న ప్రశ్న, రాజ్యాంగపు భాషలో కాకపోయినా, శ్రీకాకుళం రైతుది కూడా అవుతుంది. ఆ కేసు జరిగినన్నాళ్లూ ఈ దిగువ జిల్లాల్లో దాని గురించి చర్చ పెద్దగా జరగలేదు. అది లోపమే.

అక్టోబరు తుపాన్లలో కొండల పాత్ర ఎంత తీవ్రంగా ఉంటుందో 2010 దశకం మూడుసార్లు చూపింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. గాలి చేసిన నష్టం ఒక ఎత్తు, తర్వాత వచ్చిన నీరు ఇంకో ఎత్తు. తుపాను చుట్టూ తిరిగే తూర్పు గాలి మహేంద్రగిరి వాలుకు తగిలి అక్కడే కుమ్మరించింది. గజపతి జిల్లాలో కొండచరియలు జారి ప్రాణాలు పోయాయి. బాహుదా, మహేంద్రతనయ, వంశధార పొంగి మైదానాన్ని ముంచాయి. తోటల యజమానులు చెట్లు లెక్కపెట్టుకునేలోపే దిగువ పొలాలు నీట మునిగాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు కూడా జోరువానే ప్రధాన సమస్య.

ఇలాంటి తుపాన్లలో ప్రమాదం రెండు దిక్కుల నుంచి వస్తుంది. గాలి సముద్రం నుంచి, వరద కొండ నుంచి. కేంద్ర జలసంఘం వంశధార మీద ఎగువన గుణుపురం, కాశీనగర్ దగ్గర నదిమట్టం కొలుస్తుంది. హిరమండలంలో గొట్టా బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తాలో, దిగువ లంకల్లో ఎవరిని ఖాళీ చేయించాలో నిర్ణయించేటప్పుడు అధికారులు నేటికీ ముందు చూసేది ఆ ఎగువ మట్టాలనే.